సమస్య ఇవ్వడం తెలియాలి

ప్రియమైన యువమిత్రునికి,

లైవ్ షో మీద మీరు రాసిన హాస్య రచన రెండుసార్లు చదివాను. మొదటిసారి విసుక్కున్నాను.

యాంకర్ '#నవ్వుల పండుగ' అని హ్యాష్‌ట్యాగు ప్రకటించగానే ప్రేక్షకులు జోకుల వాన కురిపించారని రాశారు. కురిపించరు. ఏం రాయాలో ఆ ట్యాగు చెప్పడం లేదు కదా! పైగా మధ్యలో ఖాళీ వదిలారు. ఖాళీ తగలగానే ట్యాగు '#నవ్వుల' దగ్గరే తెగిపోయి, పండుగ బయట నిలబడుతుంది. 2007 ఆగస్టు 23న క్రిస్ మెస్సీనా ట్విట్టర్‌లో ఈ # గుర్తును సూచించింది ఒకే విషయం మాట్లాడుకునేవారిని ఒకచోట చేర్చడానికి.

అవధానంలో ప్రశ్న వేసే పృచ్ఛకుడు సమస్యగా ఒక్క పద్యపాదం ఇచ్చి, ఛందస్సుతో సహా దారులన్నీ మూసేస్తాడు. ఆ ఇరుకులోంచి బయటపడటంలోనే చమత్కారం పుడుతుంది. యాంకర్ చేయవలసిందీ అదే. నేనొక వారపత్రికలో పాఠకుల శీర్షిక చూసిన రోజుల్లో, 'ఏదైనా హాస్యం పంపండి' అని వేస్తే మూడు కార్డులొచ్చాయి, వాటిలో రెండు చందా గురించి. విరిగిన కుర్చీ బొమ్మ వేసి 'ఇది ఏమంటోంది?' అని అడిగిన వారం సంచి నిండింది. మా సంపాదకుడు మాత్రం ప్రతి జోకు చివరా మూడు ఆశ్చర్యార్థకాలు తగిలించి దాని ప్రాణం తీసేవాడు. ఆయన పోయినా ఆ జబ్బు పోలేదు: మీ ఒక్క పేజీలోనే పదకొండు నవ్వు ముఖాలు లెక్కపెట్టాను.

రెండోసారి చదివినప్పుడు తొమ్మిదో పేజీలో ఆగిపోయాను. పాట మధ్యలో గొంతు జీరబోయిన గాయకుణ్ణి చూసి ఎవరో 'ఆడలేక నెట్ స్లో అన్నాడట' అంటారు. అంత మంచి వాక్యాన్ని అక్కడ పాతిపెట్టారేమిటి? అదే యాంకర్ నోట ముందు పలికించి, '#నెట్‌సామెతలు' అని ట్యాగు పెట్టండి. 'అడగందే అమ్మైనా పాస్‌వర్డ్ చెప్పదు' అని ప్రేక్షకులే అందుకుంటారు. అయితే, లైవ్‌లో మాట వీక్షకుడికి చేరేసరికే కొన్ని సెకన్లు గడుస్తాయి, అతను టైపు చేసేసరికి మరికొన్ని. మీ కథలో జవాబులు తక్షణం వచ్చిపడుతున్నాయి. ఆ ఖాళీలో యాంకర్ గొంతు సవరించుకుంటూ, రాని జోకుకు ముందే నవ్వుతూ పడే అవస్థ రాయండి, అసలు హాస్యం అక్కడుంది.

కలంపేరు, పారితోషికం గురించి అడిగారు. ముందు తొమ్మిదో పేజీని మొదటి పేజీగా చేసి పంపండి.

ఆశీస్సులతో.