బోరింగ్ చేయించిన పాత అంబాసిడర్‌ను నేరుగా కొండకు తీసుకెళ్లొచ్చా?

మీ తాతగారి అంబాసిడర్‌కు బోరింగ్ (అరిగిన సిలిండర్లను మళ్లీ తొలిచి సాపు చేయడం) చేయించి కొత్త పిస్టన్లు, రింగులు వేయించానన్నారు. ఒక పూటంతా స్లోలో (బండి కదలకుండా, యాక్సిలరేటర్ తొక్కకుండా) వదిలేస్తే ఇంజిన్ సర్దుకుంటుందని, మర్నాడే తిరుమల కొండకు తీసుకెళ్లి పూజ చేయించమని మీ మేస్త్రి చెప్పాడని రాశారు. రెండూ వద్దండీ.

నాదీ 1489 సీసీ పెట్రోల్ బండే. తిరుపతిలో ఇంటి వెనక రేకుల షెడ్డులో విప్పి, కట్టుకున్నాం. ఈ ఇంజిన్‌లో వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్ట్ బ్లాకులోనే ఉంటుంది. క్యామ్, దాని మీద ఆనే ట్యాపెట్లు రాసుకునే చోటికి ఎక్కువగా క్రాంక్ తిరుగుతూ చిమ్మే ఆయిలే అందాలి. స్లోలో అది చాలదు. పైగా లోడ్ లేకుండా గంటలకొద్దీ తిప్పితే రింగులు బోరుకు సరిగ్గా అమరి కూర్చోవు, బోరు నున్నబడి తర్వాత ఆయిల్ తాగుతుంది. అందుకే ముందు ప్లగ్గులు తీసేసి ఆయిల్ ప్రెషర్ ముల్లు లేచేదాకా సెల్ఫ్ కొట్టండి. ఆ తర్వాత స్టార్ట్ చేసి, వెంటనే 2000 ఆర్పీఎం దగ్గర 20 నిమిషాలు పట్టండి. కళ్లు టెంపరేచర్ ముల్లు మీదే ఉండాలి.

చల్లారాక హెడ్ టార్క్ (హెడ్ నట్ల బిగింపు), ట్యాపెట్లు (వాల్వుల దగ్గర సందు) మళ్లీ చూసుకోవాలి. ట్యాపెట్లకు మా పెద్ద మేస్త్రి చెప్పిన లెక్క తొమ్మిది. స్టార్టింగ్ హ్యాండిల్‌తో తిప్పుతూ, ఒకటో వాల్వ్ పూర్తిగా నొక్కుకున్నప్పుడు ఎనిమిదోది సెట్ చేయాలి. రెండోది నొక్కుకుంటే ఏడోది. ‘కలిపితే తొమ్మిది రావాల, అంతే నైనా’ అనేవాడాయన.

ఇక నేను చేసిన తప్పు. స్లోలో బండి గడియారంలా తిరిగేది. అది చూసుకుని మురిసిపోయి భాకరాపేట ఘాట్ ఎక్కించాను. సగం దూరంలోనే పికప్ పడిపోయింది, ముల్లు ఎర్రగీత దాటింది. పక్కన ఆపి బానెట్ ఎత్తితే, మసక చీకట్లో ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ కొలిమిలో ఇనుములా ఎర్రగా మెరుస్తోంది. కార్బొరేటర్‌లో గాలితో కలిసే పెట్రోల్ తక్కువైందనుకుని రెండు రోజులు దాన్నే తిప్పాను. ప్లగ్గులు నల్లబడ్డాయే తప్ప వేడి తగ్గలేదు.

చివరికి, స్పార్క్ ఎప్పుడు పడుతోందో చూపే టైమింగ్ లైట్ తెచ్చాం. క్రాంక్ పుల్లీ మీద గాటు కిందెక్కడో ఉండి కనబడదు. సుద్దముక్కతో రుద్దితే తెలిసింది. స్లోలో గాటు సరైన చోటే ఉంది. రేస్ చేస్తే (ఇంజిన్ వేగం పెంచితే) ముందుకు జరగాలి కదా, ఉన్నచోటే ఉంది! డెల్కో (ప్లగ్గులకు స్పార్క్ పంచే డిస్ట్రిబ్యూటర్) విప్పి చూస్తే లోపలి బరువులు ముదిరిన గ్రీజుతో బిగుసుకుపోయాయి. అంటే రేస్ పెరిగినా స్పార్క్ ముందుకు రావడం లేదు, మంట ఆలస్యంగా రేగి మ్యానిఫోల్డ్ దాకా పోతోంది. ఇంజినంతా కొత్తది చేసి, డెల్కోను మాత్రం తుడిచి పెట్టేశాను. బోరింగ్‌కు పోసిన డబ్బు ముందు ఆ బరువులు శుభ్రం చేసే ఖర్చు టీ నీళ్ల పాటి కాదు.

కాబట్టి ముందు డెల్కోలో పాయింట్ గ్యాప్ 15 థౌకు (అంగుళంలో వెయ్యోవంతులు) పెట్టుకోండి, తర్వాత టైమింగ్, ఆఖర్న కార్బొరేటర్. మీది ఎస్‌యూ కార్బొరేటర్ అయితే, ఇంజిన్ వేడెక్కాక లోపలి పిస్టన్‌ను ఒక మిల్లీమీటరు పైకెత్తండి. రేస్ పెరిగి అలాగే ఉంటే పెట్రోల్ ఎక్కువ, ఇంజిన్ ఆగిపోబోతే తక్కువ. కాస్త పెరిగి మళ్లీ సర్దుకుంటే సరిగ్గా ఉన్నట్టు. పాత రబ్బరు పైపులుంటే ఇప్పుడే మార్చేయండి, ఇప్పటి ఇథనాల్ పెట్రోల్‌కు అవి తట్టుకోవు.

మొదటి 500 కిలోమీటర్లు చంద్రగిరి, పాకాల వైపు పొద్దున్నే తిప్పండి. ఒకే స్పీడులో పోవద్దు. టాప్ గేరులో 40 నుంచి 60కి లాగి, కాలు తీసి, మళ్లీ లాగండి. రింగులు కూర్చునేది ఆ లాగుడుతోనే. తర్వాత ఆయిల్, ఫిల్టర్ మార్చి, ప్లగ్గులు తీసి చూడండి. లేత గోధుమ రంగులో ఉంటే కొండకు బయల్దేరొచ్చు. తిరుమల ఎక్కే రెండో ఘాట్‌లో బస్సు వెనక చిక్కుకుంటే సెకండ్ గేరులో పాకాల్సిందే, మే నెల మధ్యాహ్నం మాత్రం వద్దు.