మైనస్ పవర్, కంట్లో మెరుపులు

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. గుంటూరు బ్రాడీపేటలో ఉంటాను. చిన్నప్పటి నుంచి కళ్లజోడే, ఇప్పుడు మైనస్ 8. వారం నుంచి కుడికంట్లో దోమ ఎగురుతున్నట్టు నల్లచుక్కలు, చీకట్లో పక్కకు చూస్తే తళుక్కుమని మెరుపు. పవర్ ఎక్కువున్నవాళ్లకి రెటీనా (కంటి వెనకుండే, చూపునిచ్చే పొర) ఊడిపోతుందని మా వదిన అంటోంది, టెన్షన్‌గా ఉంది. జోడు తీసేసే లేసిక్ లేజర్ ఆపరేషన్ చేయించుకుంటే ఆ భయం పోతుందా?

జవాబు: ముందు ఈ పేజీ పక్కన పెట్టి ఇవాళే కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. బండి మీద మాత్రం వద్దు, కనుపాప పెద్దదయ్యేలా చుక్కలు వేస్తారు, తిరిగొచ్చేటప్పుడు శంకర్‌విలాస్ సెంటర్ ఎండలో కళ్లు తెరవలేరు.

మీ వదినగారు చెప్పింది నిజమే. మామూలు కనుగుడ్డు ముందు నుంచి వెనక్కి సుమారు 24 మిల్లీమీటర్లు. మైనస్ పవర్ పెరిగేకొద్దీ అది పొడవుగా సాగుతుంది, లోపల అంటుకుని ఉన్న రెటీనా కూడా దాంతోపాటే సాగి, ఊదిన బుడగలా పల్చబడుతుంది. కంట్లోని జెల్లీ విడిపోతూ ఆ పల్చటిచోట లాగితే చిరుగు పడుతుంది, అందులోంచి నీరు వెనక్కి చేరి రెటీనాని లేపేస్తుంది. మెరుపులు ఆ లాగుడువే. అలాగని అందరికీ చిరగదు. చిరుగుగా ఉన్నప్పుడే దొరికితే లేజర్‌తో చుట్టూ అతికిస్తారు. పక్క నుంచి తెర దిగినట్టు నీడ వచ్చిందంటే మాత్రం తెల్లారేదాకా కూడా ఆగొద్దు, అది ఆపరేషన్ దాకా వెళ్లే వ్యవహారం.

లేసిక్ అంటారా, అది కంటి ముందున్న పారదర్శక పొర కార్నియాని మాత్రమే చెక్కుతుంది, సాగిన గుడ్డు సాగినట్టే ఉంటుంది. జోడు తీసేసినా రెటీనాకి మీరు మైనస్ 8 వాళ్లే.