హెడ్స్-అప్ (ఇద్దరే ఆడే) పోకర్‌లో మంచి ముక్కలు పడినా ఫోల్డ్ చేయాలా (ఆట వదిలేయాలా)?

చాలా అరుదుగా చేయాలి: పాట్ (మధ్యలో పోగైన పందెం) ఇచ్చే ధరకు సరిపడా సార్లు గెలవలేమని తేలినప్పుడే. ఇద్దరే ఆడుతున్నప్పుడు ప్రతి ఆటకూ ఇద్దరూ బ్లైండ్ (ముక్కలు చూడకముందే పెట్టే తప్పనిసరి పందెం) కట్టాలి, కాబట్టి ఎదుటివాళ్లు మామూలు ముక్కలతోనూ ఆడతారు, బ్లఫ్ కూడా ఎక్కువే చేస్తారు. జత లేని రెండు ముక్కలకు ఫ్లాప్‌లో (మొదట తెరిచే మూడు ఉమ్మడి ముక్కల్లో) కనీసం ఒక జత కలిసేది సుమారు మూడింట ఒకసారే. అందుకే ఒక మోస్తరు జత కూడా ఇక్కడ బలమైనదే.

ఫోల్డ్ ఎప్పుడో చూడండి. మీ చేతిలో ఆటీన్ ఆసు, కళావరు రాజు. బోర్డు మీద (ఇద్దరికీ ఉమ్మడిగా తెరిచినవి) నాలుగు ఇస్పేట్లు: ఆసు, 9, 4, 2, పక్కన డైమన్ రాజు. రెండు పెద్ద జతలు, కానీ ఎదుటివాళ్ల చేతిలో ఒక్క ఇస్పేటు ఉన్నా ఐదు ఇస్పేట్లు (ఫ్లష్) అయి వాళ్లదే గెలుపు. ఏ ముక్కలైనా ఉండొచ్చు అనుకున్నా ఆ అవకాశం 36 శాతం. పాట్‌లో 1000 చిప్స్ ఉంటే వాళ్లు ఇంకో 1000 పెట్టారు. మీరు 1000 పెడితే మొత్తం 3000, అంటే మూడింట ఒకసారి గెలిస్తే చాలు. తరచూ బ్లఫ్ చేసేవాళ్లయితే కాల్ చేయండి (వాళ్ల పందేనికి సమానంగా పెట్టండి). బలం లేకుండా పెద్ద బెట్ వేయనివాళ్లయితే టెన్షన్ పడకుండా వదిలేయండి.

రెండు జతలు ఎక్కడైనా ఒకే బలం అనుకోవడమే చాలామంది చేసే పొరపాటు. ఆ బలాన్ని తేల్చేది బోర్డు, ఎదుటివాళ్ల ఆటతీరు.