సీట్లు కుట్టించాక వెలిగిన ఎయిర్‌బ్యాగ్ లైటు

ప్రశ్న: నా దగ్గర 2003 మోడల్ పోర్షే బాక్స్‌టర్ ఉంది సార్, బెంగళూరులో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. పోయిన నెల ఇక్కడే అనంతపురంలో సీట్లు ఊడదీయించి కొత్త లెదర్ కుట్టించాను. బండి ఇంటికి తెచ్చినప్పటి నుంచి ఎయిర్‌బ్యాగ్ లైటు ఆరడం లేదు. బ్యాటరీ వైరు తీసి రాత్రంతా వదిలేసి మళ్లీ పెట్టినా అంతే. ఐదు వందల రూపాయల స్కానర్ కొని ఫోన్‌కు కలిపి చూస్తే ఫాల్ట్ ఏమీ లేదంటోంది. ఒక మెకానిక్ బల్బు తీసేస్తే పోతుంది అంటున్నాడు, ఇంకొకాయన కంట్రోల్ యూనిటే పోయింది, మార్చాల్సిందే అంటున్నాడు. ఎవరి మాట వినాలి?
- ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: ఇద్దరినీ పక్కన పెట్టండి. సీట్లు ఊడదీశాకే లైటు వెలిగిందని మీరే రాశారు కదా, సగం రోగం అక్కడే దొరికింది. మీ కారులో సీట్‌బెల్ట్ బకిల్ సీటుకే బిగించి ఉంటుంది, దాని వైర్లు సీటు కింద ఉన్న కనెక్టర్ ద్వారా లోపలికి వెళ్తాయి. సీటు బయటికి రావాలంటే ఆ కనెక్టర్ తీయక తప్పదు, అందులో తప్పేం లేదు. కానీ అది ఊడి ఉన్నప్పుడు ఎవరైనా తాళం తిప్పారంటే, బకిల్ కనిపించడం లేదని ఎయిర్‌బ్యాగ్ యూనిట్ వెంటనే ఒక కోడ్, అంటే లోపం గుర్తు, రాసిపెట్టుకుంటుంది, తర్వాత మీరు కనెక్టర్ ఎంత గట్టిగా నొక్కిపెట్టినా ఆ కోడ్ చెరగదు. పాటలు లేకుండా ఏ షెడ్డులోనూ పని సాగదు కాబట్టి తాళం తిప్పే ఉంటారని నా అనుమానం.

బ్యాటరీ తీస్తే ఎందుకు పోలేదంటే, ఈ కోడ్ ఉండే మెమరీకి నిలబడటానికి కరెంటు అక్కర్లేదు. రాత్రంతా కాదు, నెల రోజులు తీసి ఉంచినా అలాగే ఉంటుంది. ఇక మీరు కొన్న చిన్న స్కానర్‌ది తప్పు కాదు, అది ఇంజిన్ కంప్యూటర్‌ను మాత్రమే పలకరిస్తుంది, ఎయిర్‌బ్యాగ్ యూనిట్ దాని పరిధిలోనే లేదు. దానికి ఎస్‌ఆర్‌ఎస్, అంటే ఎయిర్‌బ్యాగ్ వ్యవస్థను, చదివే పరికరం కావాలి. పోర్షేలకైతే డ్యూరామెట్రిక్ అని ల్యాప్‌టాప్‌తో నడిచే కిట్ ఉంది, లాంచ్, ఆటెల్ లాంటి కంపెనీల పెద్ద ట్యాబ్‌లలో కూడా కొన్ని చదువుతాయి. షెడ్డుకు వెళ్లే ముందు ఫోన్ చేసి, "పోర్షే ఎయిర్‌బ్యాగ్ కోడ్ చదివి, చెరిపే వీలుందా?" అని సూటిగా అడగండి. "అన్ని కార్లకూ పనిచేస్తుందన్నా" అనే జవాబు వస్తే అక్కడికి వెళ్లొద్దు. ఊళ్లో ఎవరూ దొరక్కపోతే జాతీయ రహదారి 44 మీద బెంగళూరు రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు, పొద్దున పోయి సాయంత్రానికి రావచ్చు. అయితే ఒక్కటి గుర్తుంచుకోండి, ఆ లైటు వెలుగుతున్నంత కాలం బ్యాగు తెరుచుకుంటుందన్న భరోసా లేదు. బెల్టును లోపలికి బిగించి పట్టే ప్రీటెన్షనర్ కూడా ఈ వ్యవస్థలోదే, దానికీ భరోసా లేదు. కాబట్టి ఈ స్థితిలో హైవే మీద స్పీడు చూపించకండి.

కోడ్ చదివించగానే చెరపనివ్వకండి, ముందు స్క్రీన్ ఫోటో తీసుకోండి. చాలామంది షెడ్డువాళ్లు చదవకుండానే చెరిపేసి "అయిపోయింది సార్" అంటారు, లైటు మళ్లీ వస్తే అప్పుడు మన చేతిలో ఏ ఆధారమూ ఉండదు. బకిల్ కోడే వచ్చి, అది ఇప్పుడున్న ఫాల్ట్ కాదు, పాతది అని చూపిస్తే చెరిపించుకుని హాయిగా తిరగండి. చెరిపిన వెంటనే తిరిగి వస్తే మాత్రం అసలు లోపం ఇంకా ఉన్నట్టే. అప్పుడు మొదట చూడాల్సింది సీటు కింది కనెక్టరే, పిన్ను వంగిందా, లాక్ సరిగా పడిందా అని. అది బాగుంటే బకిల్ లోపల ఉండే చిన్న స్విచ్. ఆ తరం బాక్స్‌టర్లలో ఈ స్విచ్ మొండికేయడం కొత్తేమీ కాదు, రెసిస్టెన్స్ హద్దు దాటిందని యూనిట్ ఫిర్యాదు చేస్తుంది. మన ఎర్ర దుమ్ము, సీటు సందుల్లో రాలిన వేరుశనగ పొట్టు, ఇరవై ఏళ్ల వయసు, అన్నీ కలిశాక ఆ స్విచ్ మాత్రం ఏం చేస్తుంది! కాంటాక్ట్ క్లీనర్‌తో కొన్నాళ్లు నెట్టుకురావచ్చు గానీ, నా మాట వింటే బకిల్ కొత్తది వేయించండి. గుద్దుకున్న కారు నుంచి ఊడదీసిన బకిల్ చవకగా వస్తుందని ఎవరైనా చెప్తే వద్దనండి.

బ్యాటరీని కూడా ఒకసారి చూపించండి. మీ కారులో అది ముందు డిక్కీలో ఉంటుంది. బాగా ఛార్జ్ అయి, కాసేపు కదలకుండా ఉన్న బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపాలి. వారానికోసారి మాత్రమే తీసే కార్లలో బ్యాటరీ నీరసించి, స్టార్ట్ కొట్టినప్పుడు వోల్టేజ్ పడిపోయి, ఎయిర్‌బ్యాగ్ యూనిట్ ఉత్తపుణ్యానికి కోడ్ రాసుకున్న సందర్భాలు ఉన్నాయి. యూనిట్ మార్చమన్నాయన ఇది చూశాడో లేదో అడగండి.

సొంతంగా సీటు తీసి చూద్దామనుకుంటున్నారేమో. ముందు కోడ్ చదివించాలి, ఆ తర్వాతే చేయి పెట్టాలి. తాళం తీసి, బ్యాటరీ నెగటివ్ వైరు విప్పి, పది పదిహేను నిమిషాలు ఆగండి, ఎందుకంటే బ్యాటరీ లేకపోయినా బ్యాగును పేల్చడానికి కావాల్సిన ఛార్జి యూనిట్ లోపలి కెపాసిటర్‌లో కాసేపు నిలిచి ఉంటుంది. పసుపు రంగు కనెక్టర్లు కనిపిస్తే అవి ఎయిర్‌బ్యాగ్‌వి అని అర్థం, వాటిలో మల్టీమీటర్ పిన్నులు గుచ్చొద్దు. మీటర్ పంపే ఆ కొంచెం కరెంటుకే బ్యాగు పేలే ప్రమాదం ఉంది, గుద్దుకున్నప్పుడు సెకనులో ముప్ఫయ్యో వంతులో విచ్చుకునే వస్తువు అది, మీ ముఖం దగ్గర విచ్చుకుంటే చూస్తూ ఉండటానికి కూడా టైమ్ ఉండదు. పని అయ్యాక అన్ని కనెక్టర్లూ పెట్టి, బ్యాటరీ వైరు చివరన బిగించండి, ఆ సమయంలో కారులో ఎవరినీ కూర్చోనివ్వకండి. ఇంకో సంగతి, మీ కారులో పక్క ఎయిర్‌బ్యాగ్ తలుపు లోపల ఉంటుంది. డోర్ స్పీకర్లు మార్పిద్దామని ఎప్పుడైనా అనిపిస్తే ఈ కథంతా అక్కడా వర్తిస్తుంది.

ప్రశ్న: కర్నూలులో ఒక పాత కన్వర్టిబుల్ బేరానికి చూశాను. తాళం తిప్పినప్పుడు మిగతా లైట్లన్నీ వెలిగాయి, ఎయిర్‌బ్యాగ్ లైటు మాత్రం వెలగనే లేదు. లైటు లేదంటే ప్రాబ్లం లేనట్టే కదా అంటున్నాడు అమ్మే ఆయన. నమ్మొచ్చా?
- ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: నమ్మొద్దు. తాళం తిప్పగానే ఆ లైటు కొన్ని సెకన్లు వెలిగి, తనను తాను పరీక్షించుకుని ఆరిపోవాలి. అసలు వెలగకపోతే బల్బు తీసేశారు, లేదా టేపు అంటించారు. ఇంతకంటే తెలివైనవాళ్లు దాని వైరును ఆయిల్ లైటుతో కలిపేస్తారు, రెండూ కలిసి వెలిగి కలిసి ఆరుతాయి, చూసేవాళ్లకు అంతా సవ్యంగా ఉన్నట్టుంటుంది. మరికొందరు పేలిపోయిన బ్యాగు స్థానంలో రెండు ఓంల రెసిస్టర్ పెట్టి యూనిట్‌ను బోల్తా కొట్టిస్తారు. అప్పుడు స్కానర్ కూడా బ్యాగు ఉందనే చెప్తుంది.

అందుకే కళ్లతో కూడా చూడాలి. స్టీరింగ్ మధ్య మూత, డాష్‌బోర్డు మీద ప్యాసింజర్ బ్యాగు మూత రంగు, గీతలు మిగతా భాగంతో కలుస్తున్నాయా లేదా, సీట్‌బెల్ట్ కింది చివర ఉండే లేబుల్ మీద తయారీ సంవత్సరం కారు సంవత్సరంతో సరిపోతోందా లేదా చూడండి. బెల్టులు కారుకంటే చిన్న వయసువైతే ఒకసారి గుద్దుకుని ఉండొచ్చు. యూనిట్‌లో క్రాష్ రికార్డు ఉందేమో స్కాన్ చేయించండి, అమ్మే ఆయన ఒప్పుకోకపోతే అదే జవాబు అనుకోండి.

మోడల్ ఏదో మీరు రాయలేదు గానీ, పాత కారు ఏదైనా ఛాసిస్ నంబర్‌తో కంపెనీ రీకాల్ జాబితా చూసుకోండి. టకాటా కంపెనీ ఇన్‌ఫ్లేటర్లలోని, అంటే బ్యాగును గ్యాస్‌తో నింపే డబ్బాల్లోని, అమ్మోనియం నైట్రేట్ ఏళ్ల తరబడి వేడికి, తేమకు దెబ్బతిని, బ్యాగు తెరుచుకునేటప్పుడు లోహపు ముక్కలు చిమ్మింది, ప్రపంచమంతా కోట్ల కార్లు వెనక్కి పిలిచారు, మన దేశంలోనూ పిలిచారు. ఆ లోపానికి లైటు వెలగదు. కర్నూలు మే నెల ఎండలో ఇన్నేళ్లు నిలబడిన కారు విషయంలో ఇది తేలిగ్గా తీసుకోవాల్సింది కాదు.

ప్రశ్న: స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు ఎయిర్‌బ్యాగ్ లైటు వస్తోంది, అప్పుడప్పుడు హారన్ కూడా మోగడం లేదు. ఫ్యూజు మార్చాను, లాభం లేదు.
- ఒక పాఠకురాలు, కడప

జవాబు: రెండూ కలిసి వస్తున్నాయంటే అది క్లాక్ స్ప్రింగ్. స్టీరింగ్ వెనకాల టేపు చుట్టలా ఉండే పల్చటి రిబ్బన్ అది, చక్రం ఎటు తిప్పినా బ్యాగుకూ హారన్‌కూ కరెంటు దాని ద్వారానే చేరుతుంది. ఎక్కడో తెగింది లేదా తెగబోతోంది. రిపేరుకు ఒప్పుకోవద్దు, కొత్తది వేయించండి. బిగించేటప్పుడు ముందు టైర్లు నిటారుగా ఉండాలి, కొత్త చుట్ట సరిగ్గా మధ్యలో ఉండాలి, లేకపోతే మొదటి యూటర్న్‌కే తెగిపోతుంది. ఈ రెండో మాట మెకానిక్‌కు పని మొదలుపెట్టకముందే చెప్పండి, ఆయన నొచ్చుకున్నా పర్వాలేదు. బిగించాక కోడ్ చెరిపించుకోవడం మాత్రం మర్చిపోకండి, కొన్ని కార్లలో పార్టు మార్చినంత మాత్రాన లైటు ఆరదు.