గాజు గిన్నెకి లోపలో రంగు, బయటో రంగు ఎలాగండీ?

ప్రశ్న: నమస్తే అండి. డేల్ చిహులీ అనే అమెరికా ఆర్టిస్ట్ గాజు గిన్నెల ఫొటోలు చూశాను. లోపలంతా పసుపు, బయటేమో నీలం, దాని మీద మచ్చలు. గాజన్నాక అవతలిది కనపడాలి కదా, మరి రెండూ కలిసి ఆకుపచ్చగా ఎందుకు లేదు? పెయింటా? మన గోదారి ఇసకతో ఇలాంటివి అవుతాయా?
- ఒక పాఠకురాలు, రాజోలు

జవాబు: పెయింట్ కాదండి, రంగు గాజులోనే ఉంది. ఆ ఆకుపచ్చ డౌటు మాత్రం భలే పట్టుకున్నారు. మీరు చూసినవి మాకియా సిరీస్‌వి అయ్యుంటాయి, తన గాజు వర్క్‌షాపులో ఉన్న 300 రంగులూ వాడెయ్యాలని 1981లో మొదలెట్టారు. లోపలి రంగుకీ బయటి రంగుకీ మధ్యలో వెలుతురు దూరని తెల్ల గాజు పొర ఒకటి వేశారు, దాంతో ఏ రంగు దారి దానిదే.

కరిగిన గాజు ముద్దని ఇనప గొట్టం చివర తీసుకుని రంగు గాజు రవ్వలో దొర్లిస్తారు, మళ్ళీ కొలిమిలో పెడితే ఆ రవ్వ కరిగి అతుక్కుపోద్ది, పైన ఇంకో పొర, ఆ మచ్చలు కూడా అలా అంటించిన ముక్కలే. అసలు తంటా ఏంటంటే ఆ వేడిలో అన్నీ నారింజ రంగులోనే మండుతుంటాయి, ఏది నీలమో ఏది పసుపో చల్లారితేగానీ తెలీదు, కాబట్టి వరసంతా ముందే బుర్రలో ఉండాలి. 1976లో యాక్సిడెంట్లో ఎడమ కంటి చూపు పోయి, 1979లో భుజం దెబ్బతిన్నాక చిహులీ తనే గొట్టంతో గాజు ఊదడం మానేశారు, బొమ్మ గీసి చెప్తే టీమ్ చేసేది. ఇదేం ఆర్టిస్టండీ అనేవాళ్ళున్నారు గానీ, రంగు పక్కన ఏ రంగు పడాలో తేల్చడమే పెద్ద పని అని నా లెక్క.

ఇక గాజుకి రంగెలా వస్తుందంటే, కోబాల్ట్ అనే లోహం రవ్వంత పడితే నీలం. రాగి అయితే కొలిమిలో ఆక్సిజన్ని బట్టి నీలిపచ్చ గానీ ఎరుపు గానీ. కెంపు రంగుకి నిజం బంగారమే వేస్తారు, కంగారు పడకండి, చాలా కొంచెం! గాజులో సన్న చారలు కావాలంటే రంగు ముద్దని ఇద్దరు చెరోవైపు పట్టుకుని లాగుతారు, తీర్థంలో జీళ్ళ పాకం లాగినట్టే, ఎంత సన్నగా సాగినా లోపలి రంగుల వరస చెదరదు.

గోదారి ఇసక ఇల్లు కట్టుకోడానికండి. అందులో ఇనుముంటుంది, గాజు ఆకుపచ్చగా తిరిగిపోద్ది. గాజుకి తెల్ల సిలికా ఇసక కావాలి, మన రాష్ట్రంలో అది నెల్లూరు దగ్గర గూడూరు వైపు దొరుకుద్ది.

ప్రశ్న: బర్నర్ మీద ఆకుపచ్చ సీసా, గోధుమరంగు సీసా కలిపి పూసలు చేశాను, మర్నాటికి చీలిపోయాయి. ఎందుకు సార్?
- ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: రెండు సీసాల గాజూ చల్లారేటప్పుడు ఒకేలా ముడుచుకోవు, అతికిన చోట లాక్కుని చీలతాయి. ఒకే సీసా గాజు వాడినా గాలికి వదిలేస్తే అంతే, పైన ముందు చల్లారి లోపల ఇంకా వేడుంటుంది కదా. చిన్న కిల్న్‌లో (బట్టీలో) 500 పైచిలుకు డిగ్రీల దగ్గర కాసేపు ఉంచి నిదానంగా దింపాలి. రంగులు కలపాలనుంటే ఒకే కంపెనీ గాజు కడ్డీలు, ఒకే COE నంబరువి (వేడికి గాజు ఎంత సాగుద్దో చెప్పే నంబరు) కొనండి. కళ్ళకి రక్షణ కళ్ళజోడు లేకుండా మాత్రం మంట దగ్గర కూర్చోకండి.