పోలిక కుదిరింది, ఇక పాత్ర కుదరాలి

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. సినిమా హీరోలు, యానిమే పాత్రలు, సూపర్‌హీరోల ముఖాలు ట్యాబ్‌లో గీసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెడుతుంటుంది. అచ్చం ఫొటోల్లాగే ఉంటాయి. తెలిసినవాళ్లు కొందరు డబ్బిచ్చి మరీ వేయించుకుంటున్నారు. ఇప్పుడు ఇంజనీరింగ్ వద్దు, ఇలస్ట్రేటర్‌ని అవుతానంటోంది. వాళ్ల నాన్న ససేమిరా అంటున్నారు. దీంతో బతకొచ్చా? తనకు అంత ప్రతిభ ఉందో లేదో మాకెలా తెలుస్తుంది? – ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, మీరు పంపిన బొమ్మలు చూశాను. చెయ్యి చక్కగా కుదిరింది. కళ్లల్లో తడి, గడ్డం వెంట్రుకలు, చెంప మీద వెలుగు... ఈ వయసులో ఇంత ఓపిగ్గా గీయడం మామూలు విషయం కాదు. కానీ ఇలస్ట్రేటర్, అంటే కథలకూ సినిమాలకూ ప్రకటనలకూ బొమ్మలు వేసే చిత్రకారిణి కాగలదా అన్న మీ ప్రశ్నకు ఈ బొమ్మల్లో జవాబు దొరకదు. ప్రతి బొమ్మ వెనకా ఒక ఫొటో ఉంది. ఏ వైపు నుంచి చూడాలి, వెలుగు ఎక్కడ పడాలి, ముఖంలో ఏ భావం పలకాలి అన్నవన్నీ ఆ సినిమా దర్శకుడు, కెమెరామన్, నటుడు కలిసి ముందే తేల్చేశారు. మీ అమ్మాయి దాన్ని శ్రద్ధగా దించింది. ఇలస్ట్రేటర్‌కు డబ్బులిచ్చేది ఆ తేల్చే పనికి. దించడం అందులో చివరి భాగం.

డ్రూ స్ట్రూజన్ పేరు మీ అమ్మాయి వినే ఉంటుంది. స్టార్ వార్స్, ఇండియానా జోన్స్, బ్యాక్ టు ది ఫ్యూచర్ పోస్టర్లు వేసిన అమెరికన్ చిత్రకారుడు. 2025 అక్టోబర్‌లో కన్నుమూశారు. 1982లో ‘ది థింగ్’ అనే సినిమాకు పోస్టర్ కావాలని ఆయనకు కబురొచ్చింది. రాత్రికి రాత్రే వేసివ్వాలి. చూసి గీయడానికి సినిమా స్టిల్ ఒక్కటీ లేదు. ఆయన చలికోటు తొడుక్కుని తానే నిలబడి ఫొటో తీయించుకున్నారు, దాన్ని చూసి మంచులో నిలబడ్డ మనిషిని వేశారు. ముఖం ఉండాల్సిన చోట మాత్రం ముఖం వేయలేదు, కళ్లు చెదిరే తెల్లటి వెలుగు వేశారు. ఏ మనిషి రూపమైనా దాల్చి అతనిలాగే తిరిగే జీవి కథ అది. అందులో ఎవరి ముఖం వేసినా కథకు అన్యాయమే జరిగేది. పోలిక అన్నదే లేని ఆ బొమ్మను నలభై ఏళ్లు దాటినా జనం గుర్తుపెట్టుకున్నారు.

ఇక్కడి నుంచి మీ అమ్మాయితోనే మాట్లాడతాను. ఇది తనకు చదివి వినిపించండి.

తల్లీ, నువ్వు ‘మాయాబజార్’ చూసే ఉంటావు. 1957లో వచ్చిన ఆ సినిమాలో సావిత్రి శశిరేఖగానూ వేసింది, శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడిగానూ వేసింది. అదే ముఖం, అవే నగలు. అయినా తెర మీద ఉన్నది ఎవరో చిన్నపిల్లలు కూడా తడుముకోకుండా చెబుతారు. నీకు నేనిచ్చే మొదటి పని ఇదే. ఈ ఇద్దరివీ రెండు బొమ్మలు వెయ్యి. కింద పేరు రాయకూడదు. చూసినవాళ్లు ఎవరు శశిరేఖో, ఎవరు మాయా శశిరేఖో చెప్పగలగాలి. ఇందులో పోలిక నీకు ఏమీ సాయం చేయదు, రెండింటికీ ముఖం ఒకటే కాబట్టి. మెడ ఎంత వంగింది, భుజాలు ఎంత విచ్చుకున్నాయి, కనుబొమ ఎంత లేచింది, చూపు నేల మీద ఉందా ఎదుటివాడి మీద ఉందా అన్నదాంట్లోనే తేడా అంతా ఉంటుంది.

ఈ పనికి వెంటనే ట్యాబ్ తెరవకు. ముందు సినిమా మళ్లీ చూడు. పాజ్ చేసి దించడానికి కాదు, ఆ మనిషి నడకా నిలబడే తీరూ పట్టుకోవడానికి. తర్వాత సినిమా ఆపేసి, నీకు గుర్తున్నంతవరకు చిన్న కాగితం మీద గీయి. అగ్గిపెట్టె సైజులో ఓ పదిహేను బొమ్మలు గీస్తే అందులో పన్నెండు పనికిరావు. ఆ పన్నెండూ అవసరమే. మొదట తట్టే ఆలోచన దాదాపు ఎప్పుడూ అందరికీ తట్టేదే అయి ఉంటుంది, దాన్ని కాగితం మీదకు దించేస్తే తప్ప రెండోది రాదు. వీటినే థంబ్‌నెయిల్స్ అంటారు. ఇందులో కళ్లూ ముక్కూ గీయకూడదు. మనిషి ఆకారం, దాని చుట్టూ మిగిలిన ఖాళీ, అంతే. ‘పుష్ప’ వచ్చాక ఊళ్లో ప్రతి కుర్రాడూ ఒక భుజం పైకెత్తి గడ్డం కింద చెయ్యి తిప్పాడు. ఆ ఆకారాన్ని నల్లటి నీడగా గోడ మీద వేసినా ఎవరో చెప్పేస్తాం. పాత్రను ముందు అక్కడ పట్టుకోవాలి.

వాటిలో ఒకటి ఎంచుకున్నాక రంగుల జోలికి పోకుండా నలుపు, తెలుపు, మధ్యలో ఒక బూడిద రంగు, ఈ మూడింటితోనే వెయ్యి. కళ్లు సగం మూసి చూడు. ముఖం మీదకే చూపు వెళ్తోందా, లేక నగల మీదకు జారిపోతోందా? జారితే రంగులు వేశాక కూడా జారుతుంది. చాలామంది పిల్లలు ఇక్కడ తొందరపడతారు. చర్మం రంగు, వెంట్రుకలు వేయడంలో ఉన్న సరదా ఈ దశలో ఉండదు మరి. కానీ బొమ్మ నిలబడేదీ కూలిపోయేదీ ఇక్కడే.

రిఫరెన్సు ఫొటోలు, అంటే చూసి గీసుకోవడానికి పెట్టుకునే ఫొటోలు, చూడటం తప్పని ఎవరైనా అంటే పట్టించుకోకు. పెద్దవాళ్లందరూ వాడారు. మార్వెల్, డీసీ పాత్రలను నిజం మనుషుల్లా కనిపించేలా వేసే అలెక్స్ రాస్ తనకు తెలిసినవాళ్లను నిలబెట్టి, లైటు పెట్టి, ఫొటోలు తీసుకుని గువాష్ అనే ఒక రకం నీటి రంగులతో వేస్తాడు. 1996లో వచ్చిన ‘కింగ్‌డమ్ కమ్’ కామిక్‌లో కథ నడిపించే పాస్టర్ పాత్రకు నిజంగానే పాస్టరైన తన తండ్రినే మోడల్‌గా పెట్టుకున్నాడు. ముందు ఆలోచన, తర్వాత దానికి సరిపోయే ఫొటో. నువ్వు ఇప్పుడు చేస్తున్నది దీనికి తిరగబడి ఉంది, ముందు ఫొటో దొరుకుతోంది, బొమ్మ దాని వెనక నడుస్తోంది. మీ అక్కనో అమ్మనో కిటికీ పక్కన కూర్చోబెట్టు, థంబ్‌నెయిల్‌లో నువ్వు గీసిన కోణంలోనే ఫొటో తియ్యి. వెలుగూ చేతి వేళ్లూ ఆ ఫొటోలోంచి తీసుకో, ముఖం సావిత్రిది వెయ్యి. నువ్వు తీసిన వెలుగు మీద సావిత్రి ముఖం కూర్చోబెట్టాలంటే ఆ ముఖం ఎముకలతో సహా నీకు అర్థమై ఉండాలి. చెంప ఎక్కడ తిరుగుతుంది, కనుగుడ్డు ఎంత లోపలికి ఉంది, పై పెదవి నీడ ఎక్కడ పడుతుంది. ఫొటో మీద గ్రిడ్డు (గడులు) గీసుకుని దించితే ఇది ఎన్నేళ్లకూ రాదు.

తర్వాతి పని నీకు వచ్చిందే కాబట్టి ఎక్కువ చెప్పను. స్ట్రూజన్ జెస్సో అనే తెల్లటి పూత పూసిన బోర్డు మీద పెన్సిల్‌తో గీసి, ఎయిర్‌బ్రష్‌తో అక్రిలిక్ రంగులు పరిచి, వాటి మీద కలర్ పెన్సిళ్లతో మెరుగులు దిద్దేవారు. నువ్వు ట్యాబ్‌లో వేస్తావు. ఒక్క మాట మాత్రం గుర్తుంచుకో. ప్రతి వెంట్రుకా వేయకు. బొమ్మను మధ్యమధ్యలో అద్దంలోలా తిప్పి చూసుకో, తప్పులు వెంటనే కనపడతాయి. చూపు ఆగాల్సిన చోట అంచులు పదునుగా ఉంచి, మిగతాచోట్ల మెత్తగా కరగనివ్వు. ఏది వదిలేయాలో తెలిసినవాళ్ల బొమ్మకే ప్రాణం వస్తుంది.

అమ్మా, ఇక మీ ప్రశ్నకు వస్తాను.

మన సినిమాకూ చేతిబొమ్మకూ ఉన్న బంధం పాతదే. మద్రాసులో ఈశ్వర్, గంగాధర్ లాంటివాళ్లు పోస్టర్లు వేసిన రోజుల్లో జనం బొమ్మ చూసి సినిమాకు వెళ్లేవారు. బాపు గారు లా చదివి కూడా బొమ్మల దారే పట్టారు. వినైల్ ఫ్లెక్సీలు, కంప్యూటర్ డిజైనింగ్ వచ్చాక హోర్డింగులు వేసేవాళ్ల పని చాలావరకు పోయింది. అదే చేతి పని ఇప్పుడు వేరే పేర్లతో బతుకుతోంది. సినిమా షూటింగ్‌కు ముందే పాత్ర రూపం, వేషం తేల్చే కాన్సెప్ట్ ఆర్ట్, గేముల్లో క్యారెక్టర్ డిజైన్, యానిమేషన్, సన్నివేశాలను వరసగా బొమ్మల్లో గీసే స్టోరీబోర్డు, పిల్లల పుస్తకాలు, పుస్తకాల ముఖచిత్రాలు, ప్రకటనలు. హైదరాబాద్‌లోనే యానిమేషన్, వీఎఫ్ఎక్స్, గేమింగ్ స్టూడియోలు చాలా ఉన్నాయి. పాపులర్ పాత్రల ముఖాలు మాత్రమే వేసి బతికేవాళ్లు ప్రపంచం మొత్తం మీద చాలా తక్కువ. మొదట్లో వాళ్లు కూడా వేరే పనులు చేశారు. అలెక్స్ రాస్ షికాగోలో ఆర్ట్ చదివి, ముందు ఒక ప్రకటనల సంస్థలో స్టోరీబోర్డులు గీసే ఉద్యోగం చేశాడు. స్ట్రూజన్‌ను కాలేజీలో ఫైన్ ఆర్ట్సా, ఇలస్ట్రేషనా అని అడిగితే, డబ్బు వచ్చేది ఇలస్ట్రేషన్‌లోనే అని తెలుసుకుని దాన్నే ఎంచుకున్నారు. డబ్బు గురించి అడగడం కళను తక్కువ చేయడమని మీరేమీ మొహమాటపడక్కర్లేదు.

మొదటి మూడు నాలుగేళ్లు ఆదాయం తక్కువగానే ఉంటుంది, నెలనెలా ఒకేలా కూడా ఉండదు. వాళ్ల నాన్నగారి భయం న్యాయమైనదే. ఏఐ గురించి కూడా ఆయన అడిగి ఉంటారు. ఫొటోను నున్నగా బొమ్మలా మార్చే పని ఇప్పుడు ఫోన్‌లోనే అయిపోతోంది. ఆ ఒక్క పని మీదే ఆధారపడితే నాకూ భయమే. మాయా శశిరేఖ మెడ ఎంత వంచాలో తేల్చి, దర్శకుడు మార్చమంటే కారణం అర్థం చేసుకుని మార్చగలిగే మనిషి విషయంలో నాకు అంత భయం లేదు. తన చేత పైన చెప్పిన పని చేయించమంటున్నది అందుకే.

డబ్బు తీసుకుని హీరోల బొమ్మలు వేస్తోందన్నారు కాబట్టి ఒక జాగ్రత్త. నేర్చుకోవడానికి, ఇంట్లో పెట్టుకోవడానికి ఎవరి బొమ్మ వేసుకున్నా ఇబ్బంది లేదు. ప్రింట్లు తీసి, టీషర్టుల మీద వేసి అమ్మితే మాత్రం లెక్క మారుతుంది. పాత్ర మీద హక్కు దాన్ని సృష్టించిన సంస్థది. ఫొటో మీద హక్కు ఫొటోగ్రాఫర్‌ది. నటుడి పేరునూ రూపాన్నీ అనుమతి లేకుండా వ్యాపారానికి వాడకూడదని మన కోర్టులు కూడా చెబుతున్నాయి. 2023లో అనిల్ కపూర్, 2025లో నాగార్జున అలాంటి ఉత్తర్వులు తెచ్చుకున్నారు. గాయకుడు ప్రిన్స్‌ను లిన్ గోల్డ్‌స్మిత్ అనే ఫొటోగ్రాఫర్ 1981లో తీసిన ఫొటో ఆధారంగా ఆండీ వార్‌హోల్ వేసిన బొమ్మల్లో ఒకటి, 2016లో ఒక పత్రిక ముఖచిత్రంగా వచ్చింది. ఆ వాడకం మీద నడిచిన కేసులో 2023లో అమెరికా సుప్రీంకోర్టు ఫొటోగ్రాఫర్ పక్షాన తీర్పిచ్చింది. అనుమతి లేకుండా వాడుకునే మినహాయింపు అంత పేరున్న చిత్రకారుడి బొమ్మకే దొరకలేదు. సొంత రిఫరెన్సు తీసుకోవడం బొమ్మకు ఎంత మేలో, ఈ విషయంలోనూ అంతే మేలు. పరిచయస్తుల ముఖాలు వేసి డబ్బు తీసుకోమనండి, అందులో ఏ చిక్కూ లేదు.

చదువు సంగతి. హైదరాబాద్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో నాలుగేళ్ల బీఎఫ్ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) ఉంది, పెయింటింగ్, అప్లయిడ్ ఆర్ట్, యానిమేషన్ లాంటి విభాగాలతో. ప్రవేశం ఎఫ్ఏడీఈఈ పరీక్ష ద్వారా. మీ అమ్మాయికి అప్లయిడ్ ఆర్ట్ గానీ యానిమేషన్ గానీ సరిపోతుందనిపిస్తోంది. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ, కడపలో వైఎస్సార్ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ కూడా ఉన్నాయి. డిజైన్ వైపు వెళ్లాలంటే ఐఐటీ హైదరాబాద్‌లో బీడెస్ (డిజైన్ డిగ్రీ) ఉంది, దానికి యూసీడ్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్ఐడీ) ఆంధ్రప్రదేశ్‌కు డ్యాట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. యూసీడ్, డ్యాట్‌లకు ఇంటర్‌లో ఏ గ్రూపైనా పర్వాలేదు. ఐఐటీ అనే పేరు వింటే వాళ్ల నాన్నగారు కాస్త మెత్తబడతారేమో, ఆ దారి నుంచే మాట కదపండి. ఈ పరీక్షల్లో బొమ్మలు గీసే భాగంలో ఫొటో ఇచ్చి దించమనరు. ఒక సందర్భం చెప్పి ఊహించి గీయమంటారు, గుర్తున్నది గీయమంటారు, ఎదురుగా ఉన్న వస్తువును చూసి గీయమంటారు. కాగితం మీద, చేత్తో, గడియారం చూసుకుంటూ. ట్యాబ్‌లో మాత్రమే అలవాటైన పిల్లలు అక్కడ తడబడతారు, కాబట్టి ఇప్పటి నుంచే పెన్సిల్ పట్టమనండి. యూసీడ్ జనవరిలో ఉంటుంది, దరఖాస్తులు మామూలుగా అక్టోబర్ ప్రాంతంలో మొదలవుతాయి.

ఖరీదైన ఐప్యాడ్ ఇప్పుడు కొనకండి. ఉన్న ట్యాబ్ చాలు. ఇంట్లో కంప్యూటర్ ఉంటే క్రీటా అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. ఆ డబ్బుతో మంచి స్కెచ్ పుస్తకాలు కొనండి. ఏడాదికి వేలల్లో ఫీజు కట్టించుకునే ప్రైవేటు యానిమేషన్ కోర్సులో వెంటనే చేర్పించాలన్న తొందర కూడా వద్దు. చేర్చే ముందు అక్కడ చదివినవాళ్ల బొమ్మలు చూపించమని అడగండి. ఎక్కడ ఉద్యోగం వచ్చిందో వాళ్లనే ఫోన్ చేసి కనుక్కోండి.

ఇంటర్ పరీక్షలు బాగా రాయడం ఎలాగూ అవసరమే, అందులో బేరం లేదు. దాంతోపాటు వారానికి ఒక పూట ఈ పనికి వదలండి. మూడు నెలల్లో మూడు పాత్రలు చాలు. ఒకటి మాయా శశిరేఖ జంట, మిగతా రెండూ తనకు ఇష్టమైనవి. పనికిరాని థంబ్‌నెయిళ్లు, మూడు రంగుల స్కెచ్, తాను తీసిన ఫొటో, సగంలో చెడిపోయినవి, అన్నీ తేదీలు వేసి ఒకే ఫైల్‌లో దాచమనండి. కాలేజీ ఇంటర్వ్యూల్లో గానీ స్టూడియోల్లో గానీ పూర్తయిన బొమ్మ కన్నా ఆ ఫైలునే ఎక్కువసేపు తిరగేస్తారు. మధ్యలో విసుగొచ్చి ఇది నాకెందుకు అనిపిస్తే అదీ మంచి సమాచారమే, అప్పుడు ఇంజనీరింగ్ చదువుతూ బొమ్మలు సరదాగా వేసుకోవచ్చు. చిత్తు కాగితాలు పెరిగేకొద్దీ ఉత్సాహం కూడా పెరుగుతుంటే బీఎఫ్ఏ, బీడెస్ రెండింటికీ దరఖాస్తు చేయించండి. ఆ ఫైలు ఒకసారి వాళ్ల నాన్నగారి చేత కూడా తిరగేయించండి, ఏ గీత ఎందుకు మార్చిందో తననే చెప్పమనండి. మూడు నెలల తర్వాత నాకూ పంపండి, చిత్తు కాగితాలతో సహా చూసి ఏ కోర్సు సరిపోతుందో వివరంగా రాస్తాను.