చామనఛాయ చర్మానికి మూలికల ఉత్పత్తులు: ఎంచుకునే ముందు ఏం చూడాలి?

ప్రశ్న: నా వయసు 26 ఏళ్లు. మాది నెల్లూరు. నాది చామనఛాయ కంటే కాస్త ముదురు రంగు. మొటిమలు తగ్గిన చోట నల్లటి మచ్చలు పడి నెలల తరబడి పోవడం లేదు. ఇంట్లో పెద్దవాళ్లు చెప్పారని శనగపిండిలో పసుపు, నిమ్మరసం కలిపి రోజూ ముఖానికి పట్టిస్తున్నాను. మొదట్లో బాగానే ఉన్నా, ఇప్పుడు బుగ్గలు మండుతున్నాయి, మచ్చలు ఇంకా ముదిరాయి. మెడ కూడా నల్లబడింది, ఎంత రుద్దినా పోవడం లేదు. రసాయనాలు లేని మూలికల క్రీమ్ అని ఆన్‌లైన్‌లో ఒకటి తెప్పించాను. వారంలోనే రంగు తేలుతుందని దానిమీద రాసి ఉంది. వాడవచ్చా? నాలాంటి చర్మానికి సహజమైన ఉత్పత్తులను ఎలా ఎంచుకోవాలి?
– ఒక పాఠకురాలు

సమాధానం: ముందు ఆ క్రీమ్ సంగతి చెబుతాను. దాన్ని వాడకండి. చర్మపు పై పొరలోని కణాలు అడుగున పుట్టి, పైకి చేరి, రాలిపోవడానికి సుమారు నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది కాబట్టి, ఏ మూలికైనా మచ్చను నెమ్మదిగా పలచబరచగలదే తప్ప వారం రోజుల్లో మాయం చేయలేదు. అంత త్వరగా రంగు తేలిందంటే, ఆ డబ్బాలో చెప్పకుండా కలిపిన స్టెరాయిడో పాదరసమో ఉందని అనుమానించాల్సిందే. పాదరసం, చర్మానికి రంగునిచ్చే మెలనిన్ అనే పదార్థం తయారీని అడ్డుకుని రంగును తగ్గిస్తుంది. అదే పాదరసం చర్మం గుండా ఒంట్లోకి చేరి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో, మూత్రంలో ప్రొటీన్ పోయే మూత్రపిండాల జబ్బుతో వచ్చిన రోగుల గురించి వైద్యులు ఆరా తీయగా, వారిలో పలువురు ఊరూ పేరూ సరిగా లేని ఫెయిర్‌నెస్ క్రీములు వాడినట్టు తేలింది.

స్టెరాయిడ్ కథ మరోలా ఉంటుంది. మొదటి కొద్ది వారాలు ముఖం నునుపుగా, తేటగా కనిపిస్తుంది. తరువాత చర్మం పలచబడి, సన్నని రక్తనాళాలు పైకి తేలి, మొటిమలు, అవాంఛిత రోమాలు మొదలవుతాయి, ఆపిన వెంటనే మంట, ఎరుపు తిరగబెడతాయి. వైద్యుల చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్ర ప్రభుత్వం 2018లోనే పలు స్టెరాయిడ్ క్రీములను షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది. అయినా పెళ్లిళ్ల సీజన్‌లో ఇవి ఎంత సులువుగా దొరుకుతాయో ఆ తరువాత మా దగ్గరికి వచ్చే ముఖాలే చెబుతాయి.

ఇక మీ మచ్చలు ఎందుకు ముదిరాయన్నది అసలు విషయం. మెలనిన్‌ను తయారుచేసే మెలనోసైట్ కణాల సంఖ్య అన్ని ఛాయల వారిలోనూ ఇంచుమించు ఒకటే. ముదురు ఛాయలో ఆ కణాలు తయారుచేసే మెలనిన్ రేణువులు పెద్దవిగా ఉండి, విడివిడిగా పరచుకుని, ఎక్కువ కాలం నిలుస్తాయి. ఎండకు చర్మం కమిలిపోకుండా, చర్మ క్యాన్సర్ ముప్పు తక్కువగా ఉండేలా కాపాడేది ఈ ఏర్పాటే కనుక, మీ రంగు నయం చేసుకోవాల్సిన జబ్బేమీ కాదు. చిక్కంతా ఆ కణాల చురుకుదనంలో ఉంది. మొటిమ, దోమకాటు, బ్లీచ్, వ్యాక్సింగ్, ఘాటైన లేపనం, ఏది చర్మాన్ని రేపినా అవి అదనంగా మెలనిన్‌ను వదులుతాయి. తెల్లటి చర్మంలో కొద్ది రోజుల్లో పోయే ఎరుపు మన చర్మంలో నెలల తరబడి నలుపుగా మిగులుతుంది. అందుకే ముదురు ఛాయ ఉన్నవారు ఏ ఉత్పత్తి కొన్నా, అది మెరుపు తెస్తుందా అని ఆలోచించేకన్నా ముందు మంట పుట్టిస్తుందా అని చూసుకోవాలి. మూలికలకూ ఇదే కొలత, మొక్క నుంచి వచ్చిందన్నంత మాత్రాన మినహాయింపు లేదు.

ఈ కొలతతో చూస్తే మీ లేపనంలో మొదట తీసేయాల్సింది నిమ్మరసం. ఆరోగ్యంగా ఉన్న చర్మం ఉపరితలపు పీహెచ్ (ఆమ్ల గుణాన్ని తెలిపే కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 5కు అటూ ఇటూగా ఉంటుంది, నిమ్మరసానిది 2 నుంచి 3 మధ్య. ఈ కొలతలో ఒక్కో అంకెకు పది రెట్ల తేడా కాబట్టి, మీరు రోజూ మీ చర్మం కంటే కనీసం వంద రెట్లు పుల్లనైన ద్రవాన్ని మచ్చల మీద రాస్తున్నారన్నమాట. పైగా నిమ్మజాతి పండ్లలో ఉండే ఫ్యూరోకౌమరిన్లు అనే పదార్థాలు చర్మం మీద ఉండగా ఎండ తగిలితే, కాలిన గాయం లాంటి మంట, బొబ్బలు, ఆ వెనుకే గోధుమ రంగు మచ్చలు వస్తాయి. దానికి విరుగుడుగా కొందరు వాడే వంటసోడా చర్మానికి ఉండాల్సిన సహజ ఆమ్ల గుణాన్ని పోగొట్టి పొడిబారుస్తుంది, అదీ వద్దు.

శనగపిండి, పెసరపిండి, సున్నిపిండి స్వతహాగా చెడ్డవి కావు, మెత్తగా జల్లించి, నీళ్లతో పలచగా కలిపి, వేళ్లతో తేలిగ్గా రాసి కడిగేస్తే సబ్బుకు మంచి ప్రత్యామ్నాయాలే. వాటిని ఎండనిచ్చి, పిడచగట్టాక గట్టిగా రుద్ది రాల్చడమే హాని చేస్తుంది. పసిపిల్లలకు నలుగు పెట్టే అమ్మమ్మల చేతికి ఉన్న లాఘవం, అద్దం ముందు మచ్చ మీద కోపంతో రుద్దే చేతికి ఉండదు. పసుపులోని కర్క్యుమిన్‌కు వాపును తగ్గించే గుణం ఉంది, కానీ అది చర్మం లోపలికి అంతగా ఇంకదు కాబట్టి మచ్చల విషయంలో దానిమీద పెద్ద ఆశ పెట్టుకోకండి. వాడాలనుకుంటే కొమ్ములు తెచ్చి పొడి చేయించుకోండి. విడిగా అమ్మే పసుపులో లెడ్ క్రోమేట్, మెటానిల్ ఎల్లో వంటి రంగులు కలిపే కల్తీ మన దేశంలో కొత్తది కాదు.

ఎంచుకోదగినవి లేవా అంటే, ఉన్నాయి. మంటగా ఉన్న చర్మానికి కలబంద గుజ్జు ఉపశమనం ఇస్తుంది. అయితే ఆకు కోయగానే కారే పసుపుపచ్చ పాలు చర్మాన్ని రేపుతాయి కనుక, ఆకును కాసేపు నిలబెట్టి ఆ పాలు కారిపోయాక, కడిగి, లోపలి తేటగుజ్జు మాత్రమే తీసుకోవాలి. మచ్చల విషయంలో మూలికల్లో నాకు కొంత నమ్మకం ఉన్నది అతిమధురం మీద. దానిలోని గ్లాబ్రిడిన్, మెలనిన్ తయారీకి అవసరమైన టైరోసినేజ్ ఎంజైమును అడ్డుకుంటుంది. అయితే వంటింట్లో నూరిన పొడి కంటే, సారాన్ని తగు మోతాదులో చేర్చిన క్రీమ్ మేలు, ఫలితానికి రెండు మూడు నెలలైనా ఓపిక పట్టాలి. కుంకుమాది తైలం గురించి చాలామంది అడుగుతుంటారు. సాధారణంగా నువ్వుల నూనెతో కాచే ఆ తైలం పొడి చర్మానికి సరిపడవచ్చు గానీ, మొటిమలు వచ్చే మీలాంటి వారి ముఖానికి సరిపడకపోవచ్చు. కొబ్బరి నూనెను మోచేతులకు, కాళ్లకు నిశ్చింతగా రాసుకోండి, ముఖానికి వద్దు.

కొనేటప్పుడు డబ్బా ముందువైపు ఆకుల బొమ్మలు చూడకండి, వెనుకవైపు చదవండి. తయారీ సంస్థ పూర్తి చిరునామా, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ, పదార్థాల జాబితా, వీటిలో ఏది లేకపోయినా కొనకండి. సువాసన కోసం కలిపే పెర్ఫ్యూములు, దాల్చినచెక్క, లవంగం, నిమ్మ వంటి గాఢ తైలాలు అలర్జీకి తరచూ కారణమవుతాయి, కాబట్టి వాసన లేనిదే మంచిది. కొత్త క్రీమ్ ఏదైనా ముందు మోచేతి మడత దగ్గర రూపాయి బిళ్లంత మేర రోజుకు రెండుసార్లు చొప్పున వారం రోజులు రాసి, దురద, ఎరుపు, నలుపు ఏదీ రాకపోతేనే ముఖానికి వాడండి. ముదురు చర్మంలో ఎరుపు స్పష్టంగా కనిపించదు కనుక దురదను, మంటను నిర్లక్ష్యం చేయవద్దు. ఒకేసారి రెండు కొత్తవి మొదలుపెడితే ఏది పడలేదో తెలియదు.

సన్‌స్క్రీన్ విషయంలో మాత్రం మూలికల మీద ఆధారపడకండి. క్యారెట్ గింజల నూనె, కొబ్బరి నూనె వంటివి ఎండ నుంచి తగినంత రక్షణ ఇవ్వవు. ముదురు చర్మంలో మచ్చలను ముదిర్చేది అతినీలలోహిత కిరణాలే కాదు, కంటికి కనిపించే వెలుగు కూడా. దాన్ని ఆపగలిగేది ఐరన్ ఆక్సైడ్ కలిపిన, చర్మపు రంగులో ఉండే సన్‌స్క్రీన్. అది జింక్ ఆక్సైడ్ క్రీముల్లా ముఖాన్ని బూడిద పూసినట్టు కూడా చేయదు. ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి ఇచ్చే రక్షణ కొలత) 30 లేదా అంతకు పైగా ఉన్నదాన్ని, రెండు వేళ్ల పొడవున తీసుకుని ముఖానికి, మెడకు రాయండి, ఎండలో ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి.

ప్రస్తుతానికి రెండు మూడు వారాలు లేపనాలన్నీ ఆపి, ఘాటులేని ఫేస్‌వాష్, మామూలు మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్ మాత్రమే వాడండి. మంట తగ్గాక చర్మవ్యాధి నిపుణులను కలవండి. కొత్త మొటిమలు రాకుండా చూడటం మచ్చల చికిత్సలో సగం పని. రెండింటికీ పనికొచ్చే అజెలాయిక్ ఆమ్లం గోధుమ, బార్లీ వంటి ధాన్యాల్లో సహజంగానే ఉంటుంది, గర్భిణులకు కూడా సాధారణంగా సురక్షితమే. మీకు సరిపడే మోతాదు వారు నిర్ణయిస్తారు.

మెడ సంగతి వేరు. అక్కడి చర్మం నల్లగా, మందంగా, మఖమల్ గుడ్డలా తగులుతుంటే అది అకాంథోసిస్ నైగ్రికన్స్ కావచ్చు. మురికికి దీనితో సంబంధం లేదు. చాలా సందర్భాల్లో శరీరం ఇన్సులిన్‌కు సరిగా స్పందించకపోవడమే దీనికి కారణం, అధిక బరువు, పీసీఓఎస్ (నెలసరిని గాడి తప్పించే హార్మోన్ల సమస్య), కుటుంబంలో మధుమేహం ఉన్నవారిలో ఎక్కువగా చూస్తాం. నెలసరి సక్రమంగా వస్తోందో లేదో మీరు రాయలేదు, అది కూడా డాక్టరుకు చెప్పండి. పరగడుపున షుగర్, హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ను తెలిపేది) పరీక్షలు చేయించుకోండి. బరువు, ఇన్సులిన్ సమస్య అదుపులోకి వస్తే మెడ నలుపు కూడా క్రమంగా తగ్గుతుంది. ఈలోగా పీచుతో, నైలాన్ జాలీతో రుద్దడం మాత్రం ఈ రోజే మానేయండి.